కొంచెమే ఉంది, కానిచ్చెయ్

"కొంచెమే ఉంది, పారేయడం దేనికి? నువ్వు కానిచ్చెయ్."

కంచం పక్కకి జరిపి చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ ఆయన రోజూ అనే మాట ఇది. పెళ్ళయిన కొత్తలో అన్నాడు, నిన్నా అన్నాడు. మధ్యలో ఇరవై రెండేళ్ళు. ఆ మాటలో కోపమూ ఉండదు, ప్రేమా ఉండదు. ఫ్యాను కట్టెయ్ అన్నట్టు, తలుపు దగ్గరగా వెయ్యి అన్నట్టు అనేసి లేచిపోతాడంతే. ఆయన గుడ్డులో తెల్లసొనే తింటాడు, పచ్చసొన కంచం అంచున వదిలేస్తాడు. కూతురు రొట్టె మధ్యలో మెత్తగా ఉన్నదంతా గిల్లుకు తిని చుట్టూ ఉన్న గట్టి అంచు ఉంగరంలా మిగులుస్తుంది. అత్తగారికి పళ్ళు లేవు కాబట్టి అన్నం మెత్తగా పిసికి పెట్టాలి, ఆవిడ నాలుగు చెంచాలు తిని అయిదోది నోట్లోంచి వెనక్కి తీస్తుంది. ఇక గిన్నె అడుగున మాడిందీ, గరిటకి అంటుకున్నదీ, పొద్దుటి కూరలో మిగిలిన రెండు ముక్కలూ. ఇవన్నీ కలిపితే ఒక మనిషి భోజనం. ఆ మనిషి పొయ్యి దగ్గర నిలబడి, ఇంకో కంచం తోమడం దేనికని గిన్నెలోనే కలుపుకుని తినేస్తుంది. భోజనాల బల్లకి నాలుగు కుర్చీలున్నాయి. నాలుగో దాని మీద ఎప్పుడూ ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టల మూట ఉంటుంది.

"మా ఇంట్లో మెతుకు వృథా పోదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. వచ్చినవాళ్ళు అబ్బో అని మెచ్చుకునేవాళ్ళు. ఎలా పోదమ్మా అని అడిగిన పుణ్యాత్ములు ఒక్కరూ లేరు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అత్తగారు చెడ్డమనిషి కాదు. కాపురానికి వచ్చిన మొదటి నెలలో ఈవిడ అందరితోపాటు తనకీ ఒక కంచం పెట్టుకుంటే, నవ్వుతూనే చెప్పింది. "పిచ్చిపిల్లా, అందరూ తిన్నాక మిగిలేదే నీకు ఎక్కువవుతుంది. ముందే పెట్టేసుకుంటే ఆ మిగిలింది ఎవరు తినాలి?" మాట చూడబోతే ఎంత న్యాయంగా ఉందో! ఎక్కడా పట్టుకోవడానికి చిక్కలేదు. దానికి జవాబు ఏదో ఉందని మాత్రం ఆ రోజే అనిపించింది. అదేమిటో తెలియడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఆయన స్నేహితులు వచ్చినప్పుడు మాత్రం ఇంకో రకం మాట వినపడేది. "మా ఆవిడకి గాలి పీల్చినా ఒళ్ళొచ్చేస్తుందిరా" అని, అందరూ నవ్వాక, వంటింటి వైపు తిరిగి, "కాస్త తిండి తగ్గించవే" అనేవాడు. ఆ తర్వాత పావుగంటకి ఆ కంచాలన్నీ ఎత్తి లోపల పెడుతూ, "చాలా మిగిల్చారు వెధవలు, కానిచ్చెయ్" అనేవాడు. రెండూ ఆ నోటితోనే. ఆయనకి ఆ రెండు మాటలకీ మధ్య ఏ ఇబ్బందీ కనపడేది కాదు.

ఆవిడ పనిచేసేది ఒక పెద్ద ఆసుపత్రి వంటశాలలో. మూడు వందల మంచాలు. పద్దెనిమిదేళ్ళుగా పెద్ద గరిట ఆవిడ చేతిలోనే ఉంది కాబట్టి అందరూ గరిటక్క అంటారు. పొద్దున వడ్డించడం, మధ్యాహ్నం వార్డుల నుంచి తిరిగొచ్చిన ట్రేలు దులపడం, రెండూ ఆవిడ పనే. అందుకని ఏ మంచానికి ఏం వెళ్ళిందో, ఏం తిరిగొచ్చిందో ఆవిడ చేతులకి తెలుసు. రోగి మొహం చూడకుండానే మనిషిని చెప్పేసేది. నాలుగో వార్డు కిటికీ పక్క మంచంలో ఉన్నావిడకి పళ్ళు లేవు, గట్టి రొట్టె ముట్టుకోదు. గుండె జబ్బుల వార్డులో తలుపు పక్కాయన ఉప్పులేని కూరని చెంచాతో నాలుగు వైపులా జరిపి, తిన్నట్టు నటించి పంపిస్తాడు, ఇంట్లో పెళ్ళాం దగ్గర అలవాటై ఉంటుంది. పిల్లల వార్డులో పెద్దవాళ్ళ గరిటతో అన్నం పెడతారు, సగం ఎప్పుడూ వెనక్కే. ఇక మూత కూడా తీయకుండా వచ్చేసే ట్రేలు ఉంటాయి చూడండి, వాటి సంగతి ఆవిడకి అన్నింటికంటే బాగా తెలుసు. పొద్దున ఇంటికెళ్ళిపోయిన రోగి మంచానికి వెళ్ళినవి కొన్ని. ఆపరేషన్ ఉంది, మంచినీళ్ళు కూడా తాగకూడదని నర్సమ్మ బోర్డు తగిలించిన మంచానికి వెళ్ళినవి కొన్ని. సరిగ్గా పన్నెండింటికి పెద్ద డాక్టర్లు వార్డుల్లోకి వస్తారు, వాళ్ళెదురుగా మూత తీసి తినే ధైర్యం ఎవరికుంటుంది? వాళ్ళు వెళ్ళేసరికి అన్నం చల్లారిపోతుంది. అవి ఇంకొన్ని.

ఇదంతా ఒక నీలం డ్రమ్ములోకి వెళ్ళేది. పద్దెనిమిదేళ్ళు ఆ డ్రమ్ముని ఎవరూ పట్టించుకోలేదు. ఒక సోమవారం మేనేజరు ఒక తూకం యంత్రం తెచ్చి దాని కింద పెట్టించాడు. వారం రోజులు తూచి చూశాక, గోడకి రోజువారీ తూకం గీసే పెద్ద కాగితం అంటించి, వంటశాలలో ఉన్న పదకొండుమంది ఆడవాళ్ళనీ వరసగా నిలబెట్టాడు.

"చూడండమ్మా, రోజుకి తొంభై కిలోల అన్నం పారేస్తున్నాం. పై వాళ్ళకి కోపం వచ్చింది. నెల తిరిగేలోపు ఇది సగం కావాలి. కాకపోతే వంట పని బయటి కంపెనీకి ఇచ్చేస్తారట. అప్పుడు మీరూ ఉండరు, నేనూ ఉండను."

పదకొండుమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూరగాయలు తరిగే పిచ్చుక మొహం తెల్లబోయింది. గాలేస్తే ఎగిరిపోయేట్టు ఉంటుందని అలా పిలుస్తారు గానీ, ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో లాక్కొస్తున్న మనిషి. ఈ ఉద్యోగం పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"మీకు నేను చెప్పాలా?" అన్నాడు మేనేజరు, గొంతు మెత్తగా చేసుకుని. "మీ ఇళ్ళల్లో మెతుకు పారేస్తారా? పారేయరు కదా. ఇక్కడికొచ్చేసరికి ఏమవుతోంది మరి? ఇదీ మీ ఇల్లే అనుకోండి. అంతే."

గరిటక్క మర్నాడు ఆయన గది ముందు నిలబడింది. లోపలికి రమ్మని ఆయన అనలేదు, గుమ్మంలోంచే చెప్పింది. "సార్, వెళ్ళిపోయినవాళ్ళ మంచాలకి కూడా ట్రేలు వెళ్తున్నాయి. తినకూడదని బోర్డు పెట్టిన చోట, ఆ బోర్డు కిందే మనం ట్రే పెట్టి వస్తున్నాం. పొద్దున్నే ఒకసారి వార్డుకెళ్ళి, ఎవరు తింటారు, ఎంత తింటారు అని అడిగొస్తే..."

"అడగడానికి ఇదేమన్నా చుట్టాల భోజనమా? మంచాల లిస్టు ముందు రోజు సాయంత్రం నాకు వస్తుంది. దాని ప్రకారం వండుతాం. పద్ధతి అది." ఆయన కంప్యూటర్ మీంచి కళ్ళు తీయలేదు. "నువ్వు గరిట చూసుకోమ్మా. నేను గ్రాఫు చూసుకుంటాను."

వెనక్కొచ్చి అందరికీ ఆయన గొంతు పెట్టి మరీ చెప్పింది. పడీపడీ నవ్వుకున్నారు. నవ్వు అయిపోయాక డ్రమ్ము అక్కడే ఉంది. ఆ రోజు తొంభై రెండు కిలోలు తూగింది.

గరిటక్కకి అయిదో తరగతి దాకానే చదువు. కాగితం మీద రాయడమంటే సిగ్గు. అందుకని సామాన్ల గది తలుపు వెనకాల, ఎవరూ చూడని చోట, సుద్దముక్కతో గీతలు పెట్టడం మొదలెట్టింది. మూత తీయని ట్రేకి ఒక నిలువు గీత, రొట్టె ముట్టనిదానికి ఒక సున్నా, సగం అన్నం వదిలేసినదానికి అడ్డగీత. ఎందుకు పెడుతున్నావక్కా అంటే నవ్వేసేది. వినేవాళ్ళు లేని మాట ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

కానీ నెల ఆగదు. మూడో రోజున వడ్డన అయ్యాక పెద్ద గిన్నెలో అన్నం మిగిలిపోతే, గిన్నెలు తోమే పెద్దమ్మ దాన్ని డ్రమ్ములోకి వంచబోయి ఆగింది. తూకం యంత్రం వైపు చూసింది. "బాగున్న అన్నమే కదే, దీంట్లో వెయ్యడం దేనికి? తలా ఇంత కానిచ్చేద్దాం" అంది. తలా ఇంత కానిచ్చేశారు. ఆ రోజు డ్రమ్ము ఎనభై నాలుగు తూగింది.

అంతే, దారి దొరికింది. ఎవరూ కూర్చుని ఆలోచించి తీసిన ఉపాయం కాదది. ఇంట్లో చేతులకి అలవాటైన పని, ఇక్కడ కూడా చేతులే చేశాయి. ఇల్లే అనుకోండి అన్నాడాయన, ఇల్లే అనుకున్నారు. బయటికి పట్టుకెళ్దామంటే గేటు దగ్గర సంచులు వెతుకుతారు, ఆసుపత్రి తిండి గేటు దాటకూడదని రూలు. అందుకని మూడింటికి పని అవ్వగానే సామాన్ల గదిలో బోర్లించిన ప్లాస్టిక్ బుట్టల మీద గుండ్రంగా కూర్చుని తినేవాళ్ళు. ముందు గిన్నెల్లో మిగిలింది. అది చాలక మూత తీయని ట్రేలు. ఆకలికి కాదు, డ్రమ్ము కోసం. మొదట్లో సరదాగానే ఉంది, చెప్పొద్దూ. అంతమంది ఒకచోట కూర్చుని తినడం ఎప్పుడుందని! పిచ్చుకకి పనిలో వేసుకునే కోటు బొత్తాం ఊడి ఎగిరి పడితే, "ఇంక నిన్ను పిచ్చుక అనకూడదే, బాతువి" అని పెద్దమ్మ అంటే, తింటున్నది పొలమారేలా నవ్వారు.

వారం తిరిగేసరికి నవ్వు తగ్గింది. తినడం పని అయింది. ఒకరు కడుపు పట్టుకునేవాళ్ళు, ఒకరు పుల్లటి తేన్పులతో గోడకి ఆనుకునేవాళ్ళు. "నా వల్ల కాదే, నువ్వు ఇంకో రెండు ముద్దలు" అని ఒకరి మీద ఒకరు తోసుకునేవాళ్ళు. గోడ మీద గీత మాత్రం అందంగా కిందికి దిగుతోంది. డెబ్భై అయిదు. అరవై ఎనిమిది. యాభై తొమ్మిది. వండే బియ్యం మాత్రం ఒక్క గిద్దె తగ్గలేదు, ఆ లిస్టు ఆ లిస్టే, ఆ మంచాలు ఆ మంచాలే. మేనేజరు సంతోషం పట్టలేక ఒక రోజు పెద్ద బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చాడు. "తినండమ్మా, తినండి, మొహమాటపడకండి! నేను చెప్పలేదూ, ఆడవాళ్ళు తలుచుకుంటే ఏమైనా జరుగుతుందని?" పదకొండుమందీ ఆ డబ్బా వైపు ఎలా చూశారంటే, ఆయన వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు చూసి కృతజ్ఞత అనుకున్నాడు.

గరిటక్క ఆ కడుపుతోనే ఇంటికెళ్ళి వండేది. అక్కడ పచ్చసొన, రొట్టె అంచు, అయిదో చెంచా ఎదురుచూస్తూ ఉండేవి. ఒకరోజు సాయంత్రం, "ఈ పూట నాకు వద్దండీ, కడుపు బాగోలేదు" అంది. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "నిన్ను విడిగా తినమన్నామా? ఈ మిగిలింది కానిచ్చెయ్, చాలు" అన్నాడు. నిజమే, ఆయన లెక్కలో అది తినడం కాదు. ఆ ఇంట్లో ఆవిడ తినడాన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు, గిన్నెలు ఖాళీ అవడమే చూశారు. ఆవిడ ఆ రోజు కూడా గిన్నె ఖాళీ చేసింది. చేస్తూ, అక్కడ ఆసుపత్రి డ్రమ్ము, ఇక్కడ ఇంటి డబ్బా, రెండూ నేనే అనుకుంది. మూడు నిమిషాల్లో ఆ ఆలోచన మీద కూడా గిన్నెలు తోమే నీళ్ళు పోసేసింది. మర్నాడు పొద్దున పని ఉంది కదా.

పంతొమ్మిదో రోజున డ్రమ్ము నలభై ఏడు దగ్గర ఆగింది. ఇంకో రెండు కిలోలు దిగితే సగం దాటుతుంది. ఇరవయ్యో రోజు సాయంత్రం నాలుగైంది. మధ్యాహ్నం నుంచి వార్డులో ఉక్కలో పడి ఉన్న మూత తీయని ట్రేలు నాలుగు మిగిలాయి. అందరి కడుపులూ నిండిపోయాయి. పిచ్చుక, "నేనే చిన్నదాన్ని, అరిగించుకుంటాను" అని రెండు ట్రేలు తీసుకుంది. గుడ్డు కూర వాసన తేడాగా ఉందేమోనే అని గరిటక్క అంది. అంది గానీ, చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఆ సంగతి తర్వాత ఎన్నాళ్ళో ఆవిడని పీకింది. డ్రమ్ము నలభై నాలుగున్నర తూగింది, మేనేజరు చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పిచ్చుక పనికి రాలేదు. పదింటికి తెలిసింది, తెల్లారుజాము నుంచి వాంతులు, విరేచనాలు. పైన ఆడవాళ్ళ వార్డులోనే చేర్చారు. గరిటక్క పరిగెత్తుకెళ్ళింది. చేతికి సెలైన్ సూది, పెదాలు ఎండిపోయి, మొహం పిడికెడంత అయిపోయింది. తలవైపు బోర్డు. నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు.

"ఎన్ని కిలోలైందక్కా?" అంది పిచ్చుక. అదీ ఆ పిల్ల అడిగిన మొదటి మాట.

గరిటక్క కిందికొచ్చి వడ్డించింది. గరిట చేతిలో ఆడుతోంది గానీ మనసు అక్కడ లేదు. రెండింటికి ట్రేలు తిరిగి రావడం మొదలైంది. ఆడవాళ్ళ వార్డు బండి వచ్చింది. ఒక్కొక్కటే దులుపుతూ ఉంటే ఒక ట్రే బరువుగా తగిలింది. మూత తీయలేదు. పక్కన మంచం నంబరు చీటీ ఉంది. పిచ్చుక మంచం.

అన్నం, గుడ్డు కూర, రొట్టె, అన్నీ కొలత ప్రకారం ఉన్నాయి. ఏమీ తినకూడదన్న బోర్డు కింద, వాంతులతో వంకర్లు తిరుగుతున్న పిల్ల ఎదురుగా, తిండి వాసన కొట్టే ఈ ట్రేని పన్నెండింటికి ఎవరో పెట్టి వచ్చారు. పద్ధతి అది.

పక్కనుంచి పెద్దమ్మ చెయ్యి చాచింది. "మూత తీయలేదుగా, బాగానే ఉంటుంది. ఇలా ఇయ్యి, నేను కానిచ్చేస్తా."

గరిటక్క ఆ మాట విని పెద్దమ్మ మొహంలోకి చూసింది. అరవై దాటిన మొహం, బుగ్గలు ఉబ్బి, కళ్ళ కింద నీరు. ఆవిడ గొంతులో కోపమూ లేదు, ప్రేమా లేదు. ఫ్యాను కట్టేస్తా అన్నట్టు ఉంది. ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరో తనతో అంటున్నారనుకుంది. వాళ్ళు అనడం మానేసినా తమకి తామే అనుకునేలా అయిపోయామని అప్పుడు తెలిసింది. ట్రే మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు పెద్దమ్మా." ట్రే మొత్తం తీసుకెళ్ళి డ్రమ్ములో బోర్లించింది.

"ఏంటే అది! తూగుతుందే!"

"తూగనీ. ఇవాళ ఎవరూ ఏమీ తినకండి. గిన్నెల్లో మిగిలింది కూడా వెయ్యండి. అంతా వెయ్యండి."

"ఉద్యోగాలు పోతాయే, గరిటా!"

"పిచ్చుక పోతే?"

ఒకరి తర్వాత ఒకరు గిన్నెలు వంచారు. కొందరు సగం వంచి ఆగి మళ్ళీ వంచారు, పారబోయడం ఎరగని చేతులు మరి. డ్రమ్ము నూట నాలుగు కిలోలు తూగింది.

మేనేజరు కాగితం ముందు నిలబడి ఎర్రబడిపోయాడు. "రేపు సూపరింటెండెంట్ మేడమ్ చూడ్డానికి వస్తోంది! ఈ రోజే మీకు బుద్ధి గడ్డి తినాలా? ఏమైందివాళ?"

"ఇవాళ ఏమీ కాలేదు సార్" అంది గరిటక్క. "ఇవాళ ఎంత ఉందో అంత తూగింది."

మర్నాడు సూపరింటెండెంట్ వచ్చింది. తల నెరిసిన పెద్ద డాక్టరమ్మ, ఎక్కువ మాట్లాడదు. మేనేజరు గోడ మీద గీతని కర్రతో చూపిస్తూ ఇరవై రోజుల కథ చెప్పాడు. చివరి రోజు మీద తెల్లకాగితం ముక్క అంటించి ఉంది.

"ఇదేమిటి?" అంది డాక్టరమ్మ.

"నిన్న తూకం యంత్రం పాడైంది మేడమ్. తప్పు చూపించింది."

గరిటక్క వెనక వరసలో ఉంది. పెద్దమ్మ ఆవిడ మోచెయ్యి గట్టిగా గిల్లి పట్టుకుంది, నోరెత్తకు అని. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ పెద్దవాళ్ళ ముందు మాట్లాడింది లేదు. అయినా ఆ తెల్లకాగితం ముక్క చూస్తూ ఊరుకోలేకపోయింది.

"యంత్రం బాగానే ఉంది మేడమ్" అంది. "ఇరవై రోజులు మేం పాడయ్యాం."

ఇక ఆగలేదు. మిగిలింది ఎక్కడికి పోయిందో చెప్పింది. బుట్టల మీద కూర్చుని తిన్నది, పై వార్డులో ఇప్పుడు ఎవరు పడుకుని ఉన్నారో చెప్పింది. మేనేజరు, "వాళ్ళని తినమని నేనెప్పుడన్నాను? నేను అననేలేదు మేడమ్!" అన్నాడు. అది నిజమే. ఆయన అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

గరిటక్క డాక్టరమ్మని సామాన్ల గదికి తీసుకెళ్ళి తలుపు మూసి, వెనకవైపు చూపించింది. సుద్ద గీతలు తలుపు పైనుంచి కింది దాకా నిండిపోయాయి. డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. నిలువు గీతలంటే ఏమిటని అడిగింది, సున్నాలంటే ఏమిటని అడిగింది. "మూత తీయనివి ఇన్నా?"

"మీరంతా పన్నెండింటికి వార్డుల్లోకి వస్తారు కదమ్మా. మిమ్మల్ని ఎదురుగా పెట్టుకుని ఎవరు తింటారు?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ టైము పెట్టింది తనే. "వారం రోజులు నువ్వు చెప్పినట్టు చేసి చూడండి. మేం పదకొండింటికే ముగించేస్తాం" అంది. బయటి కంపెనీ సంగతి ఏమీ చెప్పలేదు.

ఆ వారం గరిటక్క రోజూ గంట ముందు పనికెళ్ళింది. "గంట ముందా? మరి పొద్దున వంట?" అన్నాడు ఇంట్లో ఆయన. "చేసే వెళ్తున్నాగా" అంది. వార్డుల్లో మంచం మంచానికీ వెళ్ళి అడిగింది. ఎవరు తింటారు, ఎవరు తినకూడదు, గరిటా, సగమా, మెత్తగానా. వెళ్ళిపోయేవాళ్ళ పేర్లు నర్సమ్మలు పొద్దున్నే చెప్పారు. కిందికొచ్చి ఆ లెక్కకే వండించింది. పళ్ళులేని వాళ్ళకి జావ, పిల్లలకి చిన్న గరిట. మిగిలిన మెతుకు ఒక్కటి కూడా ఎవరి కడుపులోకీ పోకుండా డ్రమ్ములోకే వేయించింది. వారం చివర తూకం యాభై ఒకటి. సగానికి ఇంకా ఆరు కిలోలు ఎక్కువే. కానీ వారానికి తెచ్చిన బియ్యం ఇంకో రోజుకి కూడా సరిపోయింది. అది చూసి పైవాళ్ళు బయటి కంపెనీ మాట మూడు నెలలు వాయిదా వేశారు. నోటీసు బోర్డు మీద మేనేజరు ఫోటో పెట్టి, ఆయన చొరవతో కొత్త పద్ధతి వచ్చిందని రాశారు. గరిటక్క గంట ముందు రావడం మాత్రం ఎందులోనూ రాయలేదు. అది ఆవిడ పనిలో ఊరికే కలిసిపోయింది.

"చొరవంట, చొరవ!" అంది పెద్దమ్మ, ఆ బోర్డు ముందు నిలబడి. "మన కడుపులు తూకం వేస్తే తెలిసేది ఎవరి చొరవో."

గరిటక్క నవ్వింది గానీ ఆవిడ మనసులో వేరే మాట తిరుగుతోంది. ఆ వారం నాలుగో రోజున, పిచ్చుకకి తినొచ్చని బోర్డు తీసేశారు. గరిటక్క మంచం పక్కన నిలబడి, అందరినీ అడిగినట్టే అడిగింది. "ఎంత పెట్టమంటావే?"

పిచ్చుక కాసేపు వెర్రిదానిలా చూసింది. "నన్నెవరూ ఎప్పుడూ అడగలేదక్కా. ఏమో, ఎంత తింటానో నాకే తెలీదు." నవ్వడానికి చూసి, కళ్ళు తుడుచుకుని, "నీకు తెలుసా, నువ్వెంత తింటావో?" అంది.

గరిటక్క జవాబు చెప్పబోయింది. మూడు వందల మంచాల కొలత నోటికొచ్చిన మనిషికి ఆ ఒక్క కొలత దొరకలేదు. ఆ రోజు ఇంటికెళ్ళే బస్సులో కూర్చుని కూడా వెతుక్కుంది. ఆకలి అంటే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోతే, గిన్నెల అడుగులు గుర్తొచ్చాయి. బస్సు దిగి సామాన్ల కొట్లోకి వెళ్ళి, మూత ఉన్న చిన్న నీలం బక్కెట్టు ఒకటి కొనుక్కుంది.

ఆ సాయంత్రం వంట చేసి, పొయ్యి దగ్గరనుంచే అడిగింది. "ఎవరెంత తింటారు?"

"ఇదేమన్నా హోటలా?" అన్నాడాయన. "రోజూ పెట్టినట్టే పెట్టు."

రోజూ పెట్టినట్టే పెట్టింది. తర్వాత నాలుగో కుర్చీ మీది బట్టల మూట తీసి కింద పెట్టింది. ఒక కంచం తెచ్చుకుని, వేడి అన్నం, కూర, ఒక పూర్తి గుడ్డు వడ్డించుకుని కూర్చుంది. ముగ్గురూ తినడం ఆపి చూశారు. అత్తగారు నోట్లో మెతుకులతోనే, "అదేంటే, మరి మిగిలింది ఎవరు తినాలి?" అంది. ఇరవై రెండేళ్ళ కిందటి ప్రశ్నే. ఆవిడకి గుర్తు లేదు, ఈవిడకి ఉంది.

"మిగిల్చినవాళ్ళు" అంది గరిటక్క, ముద్ద కలుపుకుంటూ.

ఆయన విననట్టే తెల్లసొన తిన్నాడు, పచ్చసొన అంచున పెట్టాడు, కంచం పక్కకి జరిపాడు. "కొంచెమే ఉంది, పారేయడం దేనికి? నువ్వు..."

ఆవిడ లేచి నీలం బక్కెట్టు తెచ్చి బల్ల మధ్యలో పెట్టి మూత తీసింది.

"ఇదేంటి?"

"ఇన్నాళ్ళూ ఇది నా కడుపులో ఉండేది. ఇక నుంచి బల్ల మీద ఉంటుంది. ఎవరు మిగిల్చింది వాళ్ళు చేత్తో తీసి ఇందులో వెయ్యండి. ఆదివారం తూస్తాను."

ఆయన బక్కెట్టు వైపు చూశాడు, పచ్చసొన వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. అత్తగారు అయిదో చెంచా నోటి దగ్గరే పట్టుకుని ఆలోచిస్తోంది. కూతురు రొట్టె ఉంగరాన్ని వేళ్ళతో తిప్పి తిప్పి, చివరికి ఒక కొస కొరికింది.

గరిటక్క కంచం ఖాళీ అయింది. ఇంకా కాస్త ఆకలిగా ఉందేమో అనిపించింది. నిజంగా ఉందా అని కాసేపు ఆగి చూసుకుంది. ఉంది. లేచి, ఇంకా పొగలు వస్తున్న గిన్నెలోంచి ఇంకో సగం గరిట వడ్డించుకుని వచ్చి, కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది.